నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న మన నల్గొండ రైతు: రావి నారాయణరెడ్డి అసలు కథ

 

ఎలక్షన్లు వస్తే చాలు, మన ఫోన్లకు ఒక ఫోటో వస్తుంటది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో, దాని మీద ఒక లైను: 'నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన తెలంగాణ వీరుడు'. మనం లైక్ కొడతాం, స్టేటస్ పెట్టుకుంటాం, మర్చిపోతాం. ఆ మనిషి ఎవరు, అన్ని ఓట్లు ఎందుకొచ్చాయి, ఆ లెక్క నిజమేనా, ఇవి మాత్రం ఎవరూ అడగరు. ఇవాళ అడుగుదాం.

ఆయన పేరు రావి నారాయణరెడ్డి. ఊరు బొల్లేపల్లి, భువనగిరి దగ్గర. నార్కట్‌పల్లి చౌరస్తాలో నిలబడితే ఒక రోడ్డు హైదరాబాద్‌కు, ఒకటి విజయవాడకు, ఇంకోటి నల్గొండ మీదుగా అద్దంకికి పోతుంది కదా. ఈ రోడ్ల చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ 1952లో ఆయనకు ఓటేసిన ఊళ్ళే. మీ తాతమ్మనో ముత్తాతనో వేసిన మొదటి ఓటు చాలావరకు ఆయన పెట్టెలోనే పడి ఉంటది.

ముందు 'రైతు బిడ్డ' అనే మాట సంగతి చూద్దాం. ఇప్పుడు రాజకీయాల్లో అందరూ రైతు బిడ్డలే. ఫాంహౌస్ ఉన్నాయన రైతు బిడ్డే, రెండెకరాల పత్తి చేను ఉన్నాయన రైతు బిడ్డే. ఇది మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో 18వ శతాబ్దంలో చార్లెస్ టౌన్‌షెండ్ అని పెద్ద మంత్రి ఉండేవాడు. 1730లో రాజకీయం వదిలేసి నార్‌ఫోక్‌లోని తన ఎస్టేట్‌కు పోయి టర్నిప్ దుంపల సాగు గురించి ఎంత మాట్లాడాడంటే, జనం ఆయనకు 'టర్నిప్ టౌన్‌షెండ్' అని పేరు పెట్టేశారు. మంచి పేరే! కానీ ఆయన నాగలి పట్టి దున్నినోడు కాదు, వేల ఎకరాల దొర. అక్కడ చాలా కాలం వ్యవసాయ నేపథ్యం అంటే భూమి ఉండటమే, దున్నటం కాదు.

రావి నారాయణరెడ్డి కూడా ఆ లెక్కలో చిన్న రైతు కాదు. ఇది దాచిపెట్టి కథ చెప్తే కథే ఉండదు. 1908 జూన్‌లో పుట్టారు, భూస్వామి కుటుంబం. ఇంట్లో తిండికి లోటు లేదు, హైదరాబాద్ పంపించి చదివించే స్తోమత ఉంది. ఆ రోజుల్లో మన నల్గొండ పల్లెల్లో ఒక పిల్లగాడు హైదరాబాద్‌ల కాలేజీ దాకా పోవుడంటే మామూలు సంగతి కాదు. మరి ఇట్లాంటి మనిషి భూమి లేనోళ్ళకు నాయకుడు ఎట్లయ్యాడు?

దానికి అప్పటి నల్గొండ ఎట్లుండెనో కొంచెం తెలియాలి. పైన నిజాం. కింద ఊళ్ళ మీద జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌లు. దేశ్‌ముఖ్ అంటే మొదట్లో శిస్తు వసూలు చేసే ఉద్యోగం. పోను పోను ఆ కాగితాలు చేతిలో ఉన్నోడే భూమి ఓనర్ అయిపోయాడు. సుందరయ్య గారు తన పుస్తకంలో రాసిన లెక్క ప్రకారం విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు, సూర్యాపేట దిక్కు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు. ఒక్క మనిషి కింద! ఇక వెట్టి. గీత కార్మికుడు కల్లు ఉత్తగ పొయ్యాలె, చాకలి బట్టలు ఉతకాలె, కుమ్మరి కుండలు ఇయ్యాలె, మాదిగ చెప్పులు కుట్టాలె, గొల్లోళ్ళు గొర్రెను ఇయ్యాలె. ఆఫీసర్ ఊర్లకు వస్తే ఆయన సామాను మొయ్యాలె. పైస రాదు. పోనంటే దెబ్బలు.

భాష సంగతి ఇంకా ఘోరం. 1921లో హైదరాబాద్‌లో ఒక సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే జనం చప్పట్లు కొట్టి గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది, 1930లో జోగిపేటలో అది ఆంధ్ర మహాసభ అయింది. మొదటి అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. ఈ మహాసభ మొదట్లో చదువుకున్నోళ్ళ సంఘం. తెలుగు బడులు కావాలి, గ్రంథాలయాలు కావాలి అని తీర్మానాలు చేసేవాళ్ళు. సభ పెట్టాలంటే సర్కారు పర్మిషన్ కావాలి, దానికి 'గస్తీ నిషాన్ 53' అని ఒక ఆర్డరు కూడా ఉండేది. కాబట్టి గట్టిగా మాట్లాడే పరిస్థితి లేదు. అయినా ఆ తీర్మానాలను తీసిపారేయొద్దు. వాళ్ళు తయారు చేసిన వేదిక మీదకే తర్వాత ఈ రైతులందరూ ఎక్కారు.

నారాయణరెడ్డి 1930లో చదువు మధ్యలో ఆపేసి కాకినాడ పోయి ఉప్పు సత్యాగ్రహంలో కలిశారు. నిజాం రాజ్యంలో ఆ సత్యాగ్రహమే లేదు, దాని కోసం సరిహద్దు దాటి పోయారు. తిరిగొచ్చి హరిజన సేవక సంఘంలో పనిచేశారు, దళిత పిల్లల బడుల కోసం, హాస్టళ్ళ కోసం తిరిగారు. 1938 అక్టోబర్‌లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ మీద నిషేధం ఉన్నప్పుడు సత్యాగ్రహం చేసి జైలుకు పోయారు. అంటే అప్పటిదాకా ఆయన పక్కా గాంధీ మనిషి. ఆ తర్వాత ఏడాది 1939లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు.

ఈ మార్పు ఒక్క రాత్రిలో వచ్చింది కాదని నా అభిప్రాయం. ఎనిమిదేళ్ళు బడులు, హాస్టళ్ళు అని తిరిగిన మనిషికి ఒకటి అర్థమై ఉంటది: బడి పెట్టినా పిల్లగాడు రాడు, ఎందుకంటే వాడు దొర గడీలో వెట్టి చేస్తున్నాడు. భూమి సంగతి తేలకుండా బడి సంగతి తేలదు.

1941లో చిలుకూరులో జరిగిన ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షుడు. చిలుకూరు అనగానే వీసా బాలాజీ గుడి అనుకోకండి, ఇది హుజూర్‌నగర్ దిక్కు చిలుకూరు. అక్కడి నుంచి మహాసభ గాలి మారింది. అసలు మలుపు 1944 భువనగిరి సభ. అక్కడ మళ్ళీ ఆయనే అధ్యక్షుడు. సభ్యత్వ రుసుం తగ్గించేశారు. చూడటానికి చిన్న విషయం. కానీ అప్పటిదాకా వకీళ్ళు, పత్రికలవాళ్ళు, భూములున్నోళ్ళు కూర్చునే సభలోకి ఇప్పుడు గొంగడి కప్పుకున్నోళ్ళు వచ్చి కూర్చున్నారు. మితవాదులు అలిగి బయటకు పోయి వేరే మహాసభ పెట్టుకున్నారు. ఊళ్ళలో మాత్రం జనం దీన్ని 'సంగం' అన్నారు. సంగం అంటే ఇక సంగమే. వెట్టి చెయ్యం, అక్రమ లేవీ ఇయ్యం, బేదఖల్ చేస్తే ఊర్కోం.

1946 జులై 4న కడవెండిలో దొర గూండాలు కాల్చితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అంతకు ముందే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ నాలుగెకరాల పంట కోసం దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలబడింది. ఇక ఆగలేదు. 1947 సెప్టెంబర్ 11న సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది. ఆ పిలుపు మీద ఉన్న మూడు పేర్లు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. ఒక భూస్వామి బిడ్డ, ఒక కరీంనగర్ రైతు నాయకుడు, ఒక ఉర్దూ కవి. ఈ పోరాటాన్ని హిందూ ముస్లిం గొడవగా చెప్పే వీడియోలు చూసినప్పుడు ఈ మూడో పేరు గుర్తు చేసుకోండి.

పార్టీ లెక్కల ప్రకారం దాదాపు మూడు వేల ఊళ్ళు సంగం చేతికి వచ్చాయి, పది లక్షల ఎకరాలు పంచారు, నాలుగు వేల మంది దాకా ప్రాణాలు ఇచ్చారు. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. భూములు పంచేటప్పుడు మొదట్లో 500 ఎకరాల పైన ఉన్నదే తీసుకోవాలి అన్నారు. తర్వాత ఆ పరిమితిని 200కు, ఆ తర్వాత మెట్ట 100 ఎకరాలకు తెచ్చారు. ఎందుకు అంత పైన మొదలు పెట్టారు? ఎందుకంటే ఉద్యమంలో మధ్య తరగతి రైతులు, కొంచెం పెద్ద రైతులు కూడా ఉన్నారు. నిజాం మీద, దేశ్‌ముఖ్‌ల మీద వాళ్ళకూ కోపం ఉంది. వాళ్ళను పోగొట్టుకోవద్దు. ఈ లెక్క మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తది.

నారాయణరెడ్డి సంగతికొస్తే, తన సొంత భూమి 500 ఎకరాలు పంచేశారని ఆయన గురించి రాసినోళ్ళందరూ రాస్తారు. 'మా ఇంట్లోంచి మొదలు పెడతా' అన్న నాయకుడు ఆయన. మనం చూసే రాజకీయంలో పదవి వచ్చాక ఎకరాలు పెరుగుతాయి. ఈయనకు పదవి రాకముందే తగ్గాయి.

ఇప్పుడు కథలో అసలు కష్టమైన భాగం. స్టేటస్‌లలో ఇది రాదు.

1948 సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్ మొదలైంది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ పోయింది. ఊళ్ళు పండుగ చేసుకున్నాయి. మరి తుపాకులు ఏం చెయ్యాలె? దించాలా, పట్టుకోవాలా? పార్టీ రెండుగా చీలి వాదించుకుంది. ఒక దిక్కు సుందరయ్య, దేవులపల్లి వెంకటేశ్వరరావు లాంటి వాళ్ళు. 'పంచిన భూమిని కాపాడుకోవాలంటే పోరాటం సాగాలె. తుపాకీ దించితే పారిపోయిన దొరలు మిలిటరీ జీపుల్లో తిరిగొస్తరు' అన్నారు. ఇంకో దిక్కు నారాయణరెడ్డి. 'మనం కొట్లాడింది నిజాంతో. నిజాం పోయిండు. ఇప్పుడు వచ్చింది భారత సైన్యం, జనం దాన్ని శత్రువు అనుకోవట్లేదు. మనతో ఉన్న రైతుల్లో చాలామంది పక్కకు జరిగిండ్రు. ఇంకా కొనసాగిస్తే మన పిల్లలే చస్తరు' అనేది ఆయన వాదన సారాంశం.

సొంత పార్టీలోనే ఆయన్ను పిరికోడన్నట్టు చూశారు. పోరాటానికి పిలుపు ఇచ్చిన మనిషే ఆపుదాం అనటం ఎంత కష్టమో ఆలోచించండి. భూస్వామి వర్గం బుద్ధి పోలేదు అనే మాట ఎవరైనా సులువుగా అనెయ్యొచ్చు. చివరికి 1951 అక్టోబర్‌లో పార్టీ అధికారికంగా పోరాటాన్ని విరమించింది. అంటే మూడేళ్ళ తర్వాత ఆయన చెప్పిన దగ్గరికే వచ్చింది.

ఎవరు కరెక్టు? నన్నడిగితే, దొరలు తిరిగొస్తరు అన్నోళ్ళ మాట నిజమైంది. చాలా ఊళ్ళలో వాళ్ళు వచ్చారు, ఈసారి కొందరు ఖద్దరు వేసుకొని వచ్చారు. పంచిన భూమిలో చాలా భాగం చెయ్యి జారింది. అయితే నారాయణరెడ్డి మాట కూడా నిజమైంది. సైన్యం ముందు ఆ పోరాటం నిలవలేదు, 1948 తర్వాత పోయిన ప్రాణాలు చాలా ఎక్కువ. ఇద్దరి మాటా నిజం కావడమే ఇందులోని బాధ. కాకపోతే ఒకటి, వెట్టి మాత్రం మళ్ళీ పాత రూపంలో రాలేదు. 1949లో జాగీర్దారీ రద్దయింది, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తా అన్నాడు కదా, భూదానం అట్లనే మొదలైంది. పోచంపల్లి ఎక్కడుంది? బొల్లేపల్లి దిక్కే. సంగం ఆ నేలను ముందే దున్ని ఉంచకపోతే ఆ విత్తనం మొలిచేదా అని నాకు డౌటే.

సరే, ఇప్పుడు ఆ ఫోటో లెక్క. 1952 మొదటి సార్వత్రిక ఎన్నికలు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద ఇంకా నిషేధమే. అందుకే పీడీఎఫ్, అంటే ప్రజాస్వామ్య ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్గొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు. ఉత్తరప్రదేశ్‌లో నెహ్రూ పోటీ చేసిన అలహాబాద్ తూర్పు, జౌన్‌పూర్ పశ్చిమ స్థానంలో ఆయనకు 2,33,571 ఓట్లు. అంటే స్టేటస్ కరెక్టే, 75 వేలకు పైగా తేడా.

అయితే ఇక్కడ చాలామందికి తెలియని పాయింట్ ఒకటుంది. నల్గొండ అప్పుడు ఇద్దరు ఎంపీల నియోజకవర్గం. ఒకటి జనరల్, ఒకటి ఎస్సీ రిజర్వుడు, రెండూ ఒకే స్థానంలో. ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకరికే వేయకూడదు. అందుకే నియోజకవర్గాలు చాలా పెద్దవి, ఓట్ల అంకెలు కూడా పెద్దవి. 'ఓహో, అయితే ఇది లెక్కల మాయ' అంటారా? ఆగండి. నెహ్రూది కూడా ఇద్దరు సభ్యుల స్థానమే. ఆయనతో పాటు మసూరియా దిన్ గెలిచారు. కాబట్టి పోలిక సరైనదే. ఇక నల్గొండలో నారాయణరెడ్డితో పాటు గెలిచిన రెండో ఎంపీ సుంకం అచ్చాలు, ఆయన కూడా పీడీఎఫ్ మనిషే. స్టేటస్‌లలో అచ్చాలు పేరు ఎప్పుడైనా చూశారా? నేనైతే చూడలే. ఒకే పోరాటం, ఒకే స్థానం, ఒకే రోజు గెలిచిన ఇద్దరిలో ఒకరి పేరు మిగిలింది, ఒకరిది జారిపోయింది. ఎందుకో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇంకో ముచ్చట. అప్పట్ల బ్యాలెట్ పేపర్ మీద ముద్ర వేసుడు లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావాలె. నిన్నటిదాకా దొర ముందు చెప్పులు విడిచి చేతులు కట్టుకొని నిలబడ్డ మనిషి, తెర వెనక ఒక్కడే నిలబడి, తనకిష్టమైన పెట్టెలో కాగితం వేస్తున్నాడు. ఎవరూ చూస్తలేరు. ఆ 3 లక్షల అంకెను నేను అట్ల చూస్తా. అది నారాయణరెడ్డికి పడ్డ ఓటు ఎంతో, ఐదారేళ్ళు అడవుల్లో పోయిన పిల్లల లెక్క కూడా అంతే.

హైదరాబాద్ అసెంబ్లీలో 175 సీట్లకు పీడీఎఫ్‌కు 42 వచ్చాయి, లోక్‌సభకు ఏడుగురు గెలిచారు. నారాయణరెడ్డి భువనగిరి అసెంబ్లీ సీటు కూడా గెలిచి, దాన్ని వదులుకొని ఢిల్లీకి పోయారు. పక్కనే ఆలేరులో ఆరుట్ల కమలాదేవి గెలిచారు. 1957లో ఆయన భువనగిరి నుంచి అసెంబ్లీకి, 1962లో నల్గొండ నుంచి మళ్ళీ లోక్‌సభకు. 1964లో పార్టీ చీలితే సీపీఐలోనే ఉండిపోయారు. తన జ్ఞాపకాలను పుస్తకంగా రాశారు, 'వీర తెలంగాణ' పేరుతో దొరుకుతుంది. 1991 సెప్టెంబర్ 7న చనిపోయారు. మరుసటి ఏడాది పద్మ విభూషణ్ ఇచ్చారు, మనిషి పోయినంక. మంత్రి పదవి ఏనాడూ లేదు.

ఇక్కడికి ఆపేయొచ్చు గానీ, నార్కట్‌పల్లి వాళ్ళు ఊర్కోరు. 'మా నర్రా రాఘవరెడ్డి సంగతి చెప్పవా' అని కామెంట్లు పెడతారు. న్యాయమే. చిట్యాల మండలం వట్టిమర్తి ఆయన ఊరు, మన పక్కనే. ఆయన 500 ఎకరాల బిడ్డ కాదు. బతుకుదెరువుకు బొంబాయి పోయి బట్టల మిల్లులో పనిచేసి వచ్చిన మనిషి. సర్పంచ్‌గా మొదలై నకిరేకల్ నుంచి సీపీఎం తరఫున ఆరుసార్లు ఎమ్మెల్యే అయ్యారు: 1967, 1978, 1983, 1985, 1989, 1994. నార్కట్‌పల్లి మండలం ఆ నియోజకవర్గంలోదే. గొల్లసుద్దులు చెప్పేవారు. గొంగడి, కట్టె, కాలికి గజ్జెలు. నాలుగు మైకులు పెట్టి మూడు గంటలు ఉపన్యాసం ఇచ్చినా వినని జనం సుద్దులు చెప్తే పొద్దుపోయేదాకా కూర్చుంటారని ఆయనకు తెలుసు. నారాయణరెడ్డి భూమి వదిలి జనంలోకి దిగొచ్చిన నాయకుడు, రాఘవరెడ్డి జనంలోంచి లేచిన నాయకుడు. ఇద్దరూ రైతు బిడ్డలే అంటాం. కానీ ఒకే మాటలో ఇద్దర్నీ ఇరికిస్తే ఇద్దరికీ అన్యాయమే.

రాఘవరెడ్డి 2015 ఏప్రిల్ 9న నార్కట్‌పల్లి ఆస్పత్రిలో కన్నుమూశారు. 90 ఏళ్ళు దాటిన వయసు. మీ ఇంట్లో ఆయన సుద్దులు విన్న పెద్దవాళ్ళు ఇంకా ఉంటారు. చెరువుగట్టు జాతరకు పోయినప్పుడో, పెండ్లికి కలిసినప్పుడో అడగండి, ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. 1952లో పెట్టెలో కాగితం వేసినోళ్ళు దొరకడం ఇప్పుడు కష్టం. సుద్దులు విన్నోళ్ళు మాత్రం దొరుకుతారు.

వచ్చే ఎపిసోడ్ ఆరుట్ల కమలాదేవి గురించి. ఉంటా.